లేసు కింద వెలుగు

నేను ఒక వెలుగు పెట్టెను. రేకుతో చేసిన ఒళ్ళు, పైన పాల రంగు అద్దం, లోపల రెండు ట్యూబులైట్లు, ఒక చోకు. ఇంతకు మించి నాలో ఏమీ లేదు. స్విచ్చి వేస్తే ముందు కాసేపు కన్నార్పుతాను, సన్నగా ఓ రాగం తీస్తాను, ఆ తరవాత వెలుగుతాను. తెలియనివాళ్ళు నన్ను పాత టీవీ అనుకుంటారు. ఒకాయన చేపల తొట్టి అనుకుని నీళ్ళెక్కడ పోస్తారని అడిగాడు. నా బతుకంతా నా మీద పెట్టినవాటిని చూపించడంలోనే గడిచింది. నన్ను మాత్రం ఎవరూ చూడరు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. నన్నే చూస్తున్నారంటే నా మీద పెట్టింది సరిగ్గా పెట్టలేదన్నమాట.

పుట్టింది బెజవాడ ఆటోనగర్లో, లారీలకు బాడీలు కట్టే షెడ్డులో. పరమహంస గారని ఒక ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు చూసుకోవడానికి పెట్టె కావాలంటే, లారీ తలుపుకు పోగా మిగిలిన రేకుతో మేస్త్రీ నన్ను చేశాడు. పైన తెల్ల రంగు పూశాడు గాని అడుగున లారీ పచ్చ అలాగే ఉంది. మూలలు గీసుకుపోయిన చోట ఇప్పటికీ నా వంశం బయటపడుతూ ఉంటుంది.

డాక్టరు గారు నన్ను గోడకు బిగించారు. తాటిచెట్టు మీంచి పడినవాళ్ళు, స్కూటరు మీంచి పడినవాళ్ళు, మెట్లు దిగుతూ ఇంకేదో ఆలోచించినవాళ్ళు, అందరి ఎముకలూ నా ముందు వేలాడాయి. డాక్టరు గారు వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడ, కనిపిస్తోందా?" అనేవారు. "ఆఁ, కనిపిస్తోందండి" అనేవాళ్ళు ఒక్కరు తప్పకుండా అందరూ. వాళ్ళకేమీ కనిపించదని నాకు తెలుసు. వాళ్ళు ఎక్స్‌రే వైపు చూసేవాళ్ళే కాదు, డాక్టరు గారి మొహం చూసేవాళ్ళు. ఆయన మొహం తేటగా ఉంటే ఎముక అతికినట్టే. మనుషులు అర్థం కానిదానికి ఎంత మర్యాదగా తలూపుతారో నేను అక్కడే నేర్చుకున్నాను. తరవాత పుస్తకాల లోకంలోకి వచ్చాక ఆ చదువు బాగా పనికొచ్చింది.

డాక్టరు గారు పెద్ద ఆసుపత్రి కట్టుకుని కొత్త పెట్టెలు తెప్పించుకున్నారు. వెనక సందులో కోటిలింగం గారి ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉండేది. ఆయన నన్ను కొని తెచ్చి, అప్పటిదాకా గోడకు నిలబడ్డదాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అప్పట్లో పుస్తకం అచ్చు కావాలంటే అక్షరాలు పల్చటి ట్రేసింగు కాగితాల మీద వచ్చేవి. వాటిని పేజీ కొలతకు కత్తిరించి, కింద గీతల కాగితం పెట్టి, గీతకు గీత కలిపి అతికించాలి. కింద నుంచి వెలుగు లేకపోతే గీతలు కనపడవు. ఆ పనిని పేస్టింగు అనేవాళ్ళు. పేస్టింగుకు కుదురైన చేతులు కావాలి. అలా వచ్చింది హైమావతి.

దివిసీమలో పల్లెటూరి పిల్ల. ఊళ్ళో బడిలో పది, బెజవాడలో టైపు లోయరు. మాట బయటికి రావడమే తక్కువ. కోటిలింగం గారు పైనుంచి కిందికి చూసి, "చేతులు వణుకుతాయా అమ్మాయ్?" అన్నారు.

"వణకవండి."

"నోరు?"

"అది కూడా పెద్దగా కదలదండి."

ఆయన నవ్వి బ్లేడు చేతికిచ్చారు.

పేస్టింగు చేసేవాళ్ళు అక్షరాలు చదవరు. చదివితే పని సాగదు. అవి వాళ్ళకు గీతలే, అటూ ఇటూ జరిపే నల్లటి చీమల బారులే. హైమ మాత్రం చదివేది. నా వెలుగు కింద నుంచి మొహం మీద పడుతుంటే, బ్లేడు ఆపి, తల కొంచెం వంచి చదివేది. ఒకసారి ఒక పెద్దాయన తమ వంశ చరిత్ర రాసి అచ్చుకిచ్చారు. అందులో పన్నెండో పేజీలో పోయిన తాతగారు ముప్పయ్యో పేజీలో మనవరాలి పెళ్ళిలో తాంబూలాలు పంచుతున్నారు. ఆయన ప్రెస్సుకు వచ్చినప్పుడు హైమ లేచి నిలబడి ఆ సంగతి చెప్పింది.

"నువ్వెవరమ్మా?" అన్నారాయన.

"పేస్టింగండి."

పెద్దాయనకు కోపం వచ్చింది. కాస్సేపు ఫ్యాను కింద కూర్చున్నాక ఆలోచన కూడా వచ్చింది. పెళ్ళిని ముందుకు జరిపారు. తాతగారు నిశ్చింతగా తాంబూలాలు పంచి, ఆ తరవాతే పోయారు. వెళ్తూ వెళ్తూ కోటిలింగం గారితో, "నా పుస్తకం మొదటిసారి చదివిన మనిషి ఆ అమ్మాయేనయ్యా" అన్నారు. ఆ మాట విన్నాక హైమ ఆ పూట అన్నం సరిగా తినలేదు. సంతోషం వచ్చినా ఆమెకు ఆకలి చచ్చిపోతుంది.

ఆ తరవాత కంప్యూటర్లు పేజీని పేజీగానే తయారు చేయడం నేర్చుకున్నాయి. బ్లేడుకూ నాకూ పని లేకుండా పోయింది. కోటిలింగం గారు ప్రెస్సు మూసేసే రోజున, "దీన్ని పాత ఇనప్పోడికి వెయ్యాలంటే మనసొప్పడం లేదు. నువ్వు తీసుకుపోమ్మా" అన్నారు. రిక్షాలో ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళింది. ఎవరి ఒడిలోనైనా కూర్చోవడం నాకు అదే మొదలు.

అక్కడి నుంచి హైమ నడిచిన దారి చెప్పాలంటే కాలవ గట్టు గుర్తొస్తుంది, అన్ని వంకరలు. కంప్యూటరు నేర్చుకుని కొన్నాళ్ళు పెళ్ళి శుభలేఖలు వేసింది. నేనప్పుడు శుభలేఖల కట్టలు పెట్టుకునే బల్లను. తరవాత పరీక్షల గైడ్లు వేసే కంపెనీలో చేరింది. అక్కడ అన్నీ ప్రశ్నలే గాని ఎవరికీ ఏ సందేహమూ ఉండేది కాదు. ఆ పైన ఫ్లెక్సీల దుకాణం. ఊరంతటి నాయకుల మొహాలు సాగదీసి, ముడతలు తుడిచి, జుట్టు నల్లబరిచింది. తుడవమని వాళ్ళు అడగలేదు, తుడిచారా అనీ అడగలేదు. "నలభయ్యేళ్ళ మనిషిని పాతికేళ్ళవాణ్ణి చేసి కూడలిలో నిలబెట్టాను, ఒక్కరూ గుర్తుపట్టలేదు" అని ఇంటికొచ్చి నాతో అన్నట్టుగా అంది. తరవాత హైదరాబాదు వెళ్ళి, ఇంకా కట్టని అపార్టుమెంట్లకు రంగుల పుస్తకాలు తయారు చేసింది. లేని చెట్లు నాటింది, లేని పిల్లల్ని ఆడించింది. ఒక పిల్లల పత్రికలో కుదురుకుంటున్నాననుకునే సరికి పత్రికే ఆగిపోయింది. ఇన్ని ఊళ్ళు, ఇన్ని గదులు మారినా నన్ను మాత్రం వదల్లేదు. ఒకచోట నా మీద బియ్యం డబ్బా, ఇంకోచోట ఇస్త్రీ బట్టలు. వెలిగించిన రోజులు తక్కువ.

చివరికి బెజవాడ తిరిగొచ్చి, ఒక గది అద్దెకు తీసుకుని, సొంతంగా పుస్తకాల పని మొదలుపెట్టింది. రాసినవాళ్ళు రాతప్రతి తెచ్చిస్తారు. హైమ దాన్ని చదివి, సరిచేసి, పేజీలు కట్టి, అట్ట బొమ్మ వేసి, అచ్చుకు సిద్ధం చేసి ఇస్తుంది. వాళ్ళమ్మకు ఈ పని ఏమిటో ఎప్పటికీ అర్థం కాలేదు.

"నువ్వు రాస్తావా?" అని ఫోనులో అడిగేది.

"లేదమ్మా, వేరేవాళ్ళు రాస్తారు."

"అచ్చేస్తావా?"

"అదీ వేరేవాళ్ళే."

"మరి మధ్యలో నువ్వేం చేస్తావే? అడిగినవాళ్ళకి ఏం చెప్పమంటావు?"

"ప్రింటింగులో ఉందని చెప్పు."

"ప్రింటింగు అంటే నోట్లు ముద్రిస్తావా అంటున్నారు ఇక్కడ."

అలా చాలా పుస్తకాలు చేసింది. రిటైరైన ఉద్యోగులు, పదవి పోయినవాళ్ళు, కవిత్వం వచ్చిందనుకున్నవాళ్ళు. ప్రతి పుస్తకానికీ ఒక ఆవిష్కరణ సభ, ఒక శాలువా, గ్రూపు ఫోటో. ఆ తరవాత మిగిలిన కట్టలన్నీ మంచాల కిందికి చేరేవి. ఒకసారి ఒక రచయిత ఇంటికి వెళ్ళొచ్చి హైమ ఒక సంగతి చెప్పింది. తను చేసిన పుస్తకం ఆ ఇంట్లో బీరువా కోడు కింద ఉందట. కోడు పొట్టిదై ఊగుతుంటే పుస్తకం సరిగ్గా సరిపోయిందట. "కొలత మాత్రం కుదిరింది" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ రోజు నుంచి ఆమె మనసులో ఒకటే కోరిక ఉండేదని నాకు తెలుసు. తన చేతి మీదుగా వెళ్ళిన పుస్తకం ఒక్కటైనా ఎవరికైనా పనికి రావాలి. ఎవరో ఒకరు దాన్ని తెరిచి పెట్టుకుని ఏదో ఒకటి చేయాలి.

అందుకేనేమో, ఆమెకు ఒక అలవాటు పడింది. అచ్చుకు పంపేముందు ప్రతి పుస్తకాన్నీ వాడి చూసేది. వంటల పుస్తకమైతే వండేది. అలాగే ఒక గోంగూర పచ్చడిలో ఉప్పు ఎక్కడా రాయలేదని కనిపెట్టింది. పిట్టల మీద పుస్తకమైతే కొల్లేరు వెళ్ళి ఎండలో నిలబడింది. యోగాసనాల పుస్తకం చేసినప్పుడు నడుం పట్టేసి మూడు రోజులు నా మీద చేతులు ఆనించుకునే లేచింది. పుస్తకం తప్పో నడుం తప్పో అప్పుడు తేల్లేదు.

అలా ఉండగా నరసాపురం దగ్గర పల్లె నుంచి సుగుణమణి టీచరు గారి పుస్తకం వచ్చింది.

ఆవిడ బడిలో కుట్టు టీచరు. రిటైరై చాలా ఏళ్ళయింది. ఆ ప్రాంతంలో ఆడవాళ్ళు తరతరాలుగా క్రోషా సూదితో లేసు అల్లుతారు. దళారులు దారమిచ్చి, పని తీసుకుని పోతారు. ఇప్పటి పిల్లలకు దళారి అడిగిన ముక్క తప్ప ఇంకేదీ రావడం లేదని టీచరు గారి దిగులు. తనకు తెలిసిన పూలు, ఆకులు, అంచులు అన్నీ ఎలా అల్లాలో వరసగా రాశారు. చూపు మసకబారుతోంది. "నేను చెప్పకుండానే, నా మొహం చూడకుండానే, ఎక్కడో ఉన్న ఆడపిల్ల ఈ పుస్తకం చూసి అల్లుకోవాలి. అంతేనమ్మా నాకు కావలసింది" అని హైమకు ఫోనులో చెప్పారు. వాళ్ళ చర్చిలో కోతల పండగ జరుగుతుంది. రైతులు ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు తెచ్చి అర్పిస్తారు. టీచరు గారు ఏటా ఒక లేసు ముక్క ఇస్తారు. ఈసారి తన పంటగా పుస్తకాన్ని ఇవ్వాలని ఆశ.

ఫోను పెట్టేశాక హైమ చాలా ఏళ్ళ తరవాత నా మీది దుమ్ము తుడిచి స్విచ్చి వేసింది. కన్నార్పాను, రాగం తీశాను, వెలిగాను. ఆమె టీచరు గారు పంపిన మొదటి లేసు పువ్వును నా మీద పరిచింది.

నేను ఎముకల్ని చూశాను, అక్షరాల్ని చూశాను. అలాంటిదాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. అరచేతిలో పట్టే పువ్వు. నా వెలుగు దాని ప్రతి కంతలోంచీ పైకి వచ్చింది. దారం ఎక్కడ మొదలై, ఎటు తిరిగి, ఎక్కడ దాక్కుందో అంతా తేటతెల్లమైంది. హైమ స్టూలెక్కి ఫోటో తీసింది. కంప్యూటరులో నలుపు తెలుపులు తారుమారు చేస్తే నల్లటి పేజీ మీద తెల్లటి దారం పూసింది. అలా ఒక్కొక్కటే తీసి పేజీలు కట్టింది.

తరవాత అలవాటు ప్రకారం సూది, దారం కొనుక్కొచ్చి, పేజీలు ముందు పెట్టుకుని అల్లడం మొదలుపెట్టింది. పువ్వు రాలేదు. మొదటి వరస వస్తుంది. రెండో వరసకు పేజీలో దారం ఒక వైపు తిరుగుతుంటే ఆమె చేతిలో ఇంకో వైపు తిరుగుతుంది. విప్పేది, మళ్ళీ మొదలుపెట్టేది. చివరికి వచ్చింది పువ్వు కాదు, పిల్లి పీకిన ఉండ. తన చేతులే తప్పనుకుంది ముందు. పక్కింటి అమ్మాయి చేత చేయించి చూసింది. ఆ అమ్మాయికి అసలే స్వెట్టర్లు అల్లే అలవాటుంది. అయినా రాలేదు. "బొమ్మలు బాగున్నాయి ఆంటీ, గోడకు పెట్టుకోవచ్చు" అందా అమ్మాయి మంచితనంగా. హైమకు ఆ మాట బీరువా కోడంత బరువుగా తగిలింది.

పెద్ద లేసు గుడ్డ ఒకటి ఫోటో తీయాల్సింది మిగిలి ఉంది. పాతది, పోస్టులో పంపితే చెడిపోతుందని టీచరు గారు పంపలేదు. ఆ వంకతో హైమ నన్ను దుప్పట్లో చుట్టి నరసాపురం బస్సెక్కింది. కండక్టరు వేలితో నన్ను తట్టి చూశాడు.

"టీవీయామ్మా?"

"కాదండి, లైటు పెట్టె."

"లైటు కూడా ఊరికెళ్తోందా. కరెంటు లేని ఊరా ఏంటి?" అని లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

టీచరు గారిది రెండు గదుల పెంకుటిల్లు. ఆవిడా, చెల్లెలు కరుణమ్మా ఉంటారు. ఇద్దరికీ ఇంకెవరూ లేరు. టీచరు గారు సన్నగా, నిటారుగా, ఇప్పటికీ బడికి వెళ్ళబోతున్నట్టు ఉంటారు. కరుణమ్మ పొట్టిగా, మాట వెంట మాటగా ఉంటుంది. హైమ కాఫీ గ్లాసు కింద పెట్టి, తలదించుకుని సంగతి చెప్పింది. పుస్తకం చూసి అల్లుతుంటే రావడం లేదు టీచరు గారూ, నాకే కాదు, పక్కింటమ్మాయికి కూడా.

టీచరు గారి మొహం చిన్నబోయింది. "అంత విడమరిచి రాశాను కదమ్మా" అన్నారు. తరవాత మంచం మీద పక్కన చోటు చూపించి, "ఇలా వచ్చి కూచో. నేను అల్లుతాను, చూడు" అన్నారు.

హైమ పక్కన కూర్చుని చూసింది. చూసినకొద్దీ ఇంకా చిక్కుపడింది.

కరుణమ్మ గుమ్మంలో బెండకాయలు తరుగుతూ నవ్వింది. "బెంగెట్టుకోకమ్మా. నాకూ రాలేదు. చిన్నప్పట్నించీ అదే మంచం మీద, అదే పక్కన కూచుని చూశాను. బళ్ళో పిల్లలకి మాత్రం రెండు రోజుల్లో వచ్చేసేది. నావి మొద్దు చేతులంటాది మా అక్క."

"అననా మరి? అరవై దాటినా గొలుసు కుట్టు రాని మనిషిని ఏమంటారు?" అన్నారు టీచరు గారు సూది ఆపకుండా.

"నా దాకా వచ్చేసరికి దేవుడు మంచి చేతులు అయిపోయాయన్నాడు. నాకు మిగిలినవి అంటించాడు."

హైమ నవ్వలేదు. ఆమె టీచరు గారి చేతుల్నే చూస్తోంది. కాఫీ కుడిచేత్తో ఇచ్చిన మనిషి, సూది మాత్రం ఎడమచేత్తో పట్టుకున్నారు.

"మీది ఎడమచెయ్యా టీచరు గారూ?"

టీచరు గారు సూది పట్టుకున్న చేతిని కొంగులోకి లాక్కున్నారు. డెబ్బై దాటిన మనిషి, చిన్నపిల్లలా. "సూదికి మాత్రమేనమ్మా" అన్నారు. "రాయడానికి, తినడానికి నాన్న కొట్టి మార్చాడు. సూది సంగతి ఆయనకి తెలీదు. మగవాళ్ళు అటు చూడరు కదా."

"బడిలో పిల్లలు ఎక్కడ కూచునేవాళ్ళు?"

"ఎక్కడేంటి, ఎదురుగా. చాప మీద, నా ముందు."

హైమ లేచింది. మంచం దిగి, టీచరు గారికి ఎదురుగా నేల మీద కూర్చుని సూది పట్టుకుంది. "ఇప్పుడు అల్లండి" అంది. టీచరు గారి ఎడమచేతికి ఎదురుగా హైమ కుడిచెయ్యి, అద్దంలో చూసుకున్నట్టు. ఆవిడ సూది ఎటు వెళ్తే ఈమెదీ అటే. గొలుసు వచ్చింది. రెండో వరస తిరిగింది. మొదటి రేకు విచ్చుకుంది. కరుణమ్మ కత్తిపీట మీదే చెయ్యి ఆపి చూస్తూ ఉండిపోయింది.

పుస్తకం చేసిన తప్పేమిటో అప్పుడు తెలిసింది. పేజీలో పువ్వు టీచరు గారి వైపు నుంచి కనిపిస్తోంది. చదివేవాళ్ళను ఆవిడ పక్కన మంచం మీద కూర్చోబెడుతోంది. కరుణమ్మ కూర్చున్న చోట. అక్కడి నుంచి చూస్తే ఎడమచేతి పని కుడిచేతికి లొంగదు. ఆవిడ పిల్లలకు నేర్పింది ఆ వైపు నుంచి కాదు.

ఇంతవరకూ ఆవిడకు గాని, పిల్లలకు గాని ఆ విషయమే తట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టడం బడి పద్ధతి, ఎడమచెయ్యి ఆవిడ దాపరికం. రెండూ కలిసి ఊళ్ళో ఆడపిల్లలందరికీ లేసు నేర్పాయి.

ఇప్పుడు చేయవలసింది చిన్న పనే. కంప్యూటరులో ఒక మీట నొక్కితే బొమ్మలన్నీ తిరగబడతాయి. రాతలో ఎడమ కుడులు మారిస్తే సరి. టీచరు గారికి చెప్పకుండానే చేసేయొచ్చు. ఆ మసక చూపుకు తేడా తెలిసేది కాదు. ఫ్లెక్సీల దుకాణంలో ఎందరి ముడతలు అడక్కుండా తుడవలేదు? కానీ హైమ నన్ను మంచం ముందు స్టూలు మీద పెట్టి, స్విచ్చి వేసి, పువ్వును మొదట టీచరు గారు అల్లిన వైపు పైకి వచ్చేలా పరిచింది. తరవాత వేళ్ళతో నెమ్మదిగా ఎత్తి బోర్లా వేసింది.

టీచరు గారు వంగి చూశారు. వెలుగు కింద నుంచి వస్తుంటే ఆవిడ కళ్ళకు దారం దారమూ ఆనింది. ఆ ఆశ్చర్యం మొహంలో కనిపించీ కనిపించకముందే వెళ్ళిపోయింది.

"ఇది తిరగవైపు."

"అవునండి. పుస్తకంలో ఇలా వేద్దామని."

"వద్దు."

"టీచరు గారూ..."

"వద్దమ్మా. తిరగవైపు పైకి కనపడితే దళారి ముక్క మొహాన కొట్టేవాడు. నా బడిపిల్లల్ని కూడా అలాగే కొట్టాను నేను. లేసుకి మొహం, వీపు ఉంటాయి. జీవితమంతా చేసిన పని వీపు చూపించి నిలబెడతావా నన్ను? అదేదో నా ఎడమచేతికి అతుకేసినట్టు?"

హైమ ఇన్నేళ్ళలో రచయితలతో వాదించింది లేదు. పెద్దక్షరాలు కావాలంటే పెద్దక్షరాలు, తమ ఫోటో అట్ట మీద కావాలంటే అట్ట మీద. ఈసారి మాత్రం లేసు పువ్వును నా మీద నుంచి తీసి, రెండు చేతులతో నిలబెట్టి, తనకూ టీచరు గారికీ మధ్య పట్టుకుంది. గుమ్మంలోంచి పగటి వెలుగు పడుతోంది.

"అటు నుంచి మీకేం కనిపిస్తోందండి?"

"నా పని కనిపిస్తోంది. మొహం."

"ఇటు నుంచి నాకు వీపు కనిపిస్తోంది. మీరు అల్లుతుంటే చాప మీద కూచున్న పిల్లలకి ఎటు కనిపించేది?"

టీచరు గారు చెయ్యి చాచి పువ్వు వీపును తడిమారు.

"మీరు ఒడిలో పెట్టుకుని అల్లుతారు. మొహం మీ వైపు ఉంటుంది. పిల్లలు మీరున్నన్నాళ్ళూ వీపే చూసి నేర్చుకున్నారు టీచరు గారూ. వాళ్ళకి మీ పని అంటే ఇదే. పుస్తకం కూడా ఎదురుగా కూచోవాలి."

బెండకాయల పళ్ళెం పక్కకు జరిగిన చప్పుడైంది. "అయితే నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని ఉంటే నాకూ వచ్చేదన్నమాట" అంది కరుణమ్మ. ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు.

టీచరు గారు చెల్లెలి వైపు చూశారు. కళ్ళు మసక కాబట్టి ఏం చూశారో చెప్పలేను. "చెల్లెల్ని ఎవరైనా ఎదురుగా కూచోబెడతారా? పక్కనే కదా కూచుంటారు" అన్నారు. అని, హైమ చేతిలోంచి పువ్వు తీసుకుని, తానే నా మీద బోర్లా వేశారు. "ఇలాగే వెయ్యి. కానీ మొదటి పేజీలో ఒక్క పువ్వు మాత్రం నా వైపు నుంచి ఉండాలి. దాన్ని ఎవరూ అల్లక్కర్లేదు."

ఆ రోజే ఇంకో సంగతి కూడా తేలింది. పెద్ద లేసు గుడ్డను నా మీద పరిచి ఫోటో తీస్తుంటే టీచరు గారు వేలితో తడమడం మాని కళ్ళతో కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చూపు తగ్గాక వేళ్ళతోనే అల్లుతున్నారట. హైమ తిరుగు ప్రయాణానికి దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుంది గాని నన్ను చుట్టలేదు. "మీ దగ్గరుండనివ్వండి. నాకు ఇప్పుడు కంప్యూటరు తెర మీదే వెలుగుంది" అంది. గుమ్మం దిగేముందు వచ్చి నా మూల మీద చెయ్యి వేసింది. రంగు పోయి పచ్చగా కనిపించే మూల. ఎక్కువసేపు వేయలేదు. ఆమె ఏదీ ఎక్కువ చేసే మనిషి కాదు.

పుస్తకం కోతల పండగకు అందింది. శాలువాలు, గ్రూపు ఫోటోలు లేవు. అర్పణలన్నీ వేలం వేస్తారు కదా, రొయ్యల చెరువుల ఆసామి ఒకడు దాన్ని పాడి, తనకెందుకని మళ్ళీ వేలానికే ఇచ్చేశాడట. అలా అది ముగ్గురి చేతులు మారిందని కరుణమ్మ వచ్చి చెప్పింది. చివరికి పాడినావిడకు మనవరాళ్ళున్నారట. హైమ ఇప్పుడు తేనెటీగల పెంపకం పుస్తకం చేస్తోందని, గది కిటికీలో ఈగల పెట్టె ఒకటి పెట్టిందని ఫోనులో విన్నాను. వాళ్ళమ్మ ఇప్పుడు బంధువులకు ఏం చెబుతోందో తెలియదు.

నేను ఈ పెంకుటింట్లో కిటికీ పక్కన స్టూలు మీద ఉన్నాను. ఒక ట్యూబు మాడిపోతే కరుణమ్మ కొత్తది వేయించింది. పొద్దున పూట టీచరు గారు నా మీద లేసు పరుచుకుని అల్లుతారు.

మొన్న ఒక మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా కరుణమ్మ చప్పుడు లేకుండా వచ్చి నా స్విచ్చి వేసింది. కొంగు ముడి విప్పి అందులోంచి ఏదో తీసి నా అద్దం మీద పెట్టి, రెండు వేళ్ళతో సాపు చేసింది. నా రాగానికి టీచరు గారు లేచారు.

"ఎవరే?"

"ఎవరూ లేదు. ఇది చూడు."

టీచరు గారు వచ్చి వంగారు. "ఎవరిదిది?"

"ఎవరో పిల్లది. పుస్తకం చూసి అల్లిందంట."

"కుడిచేతి పని" అన్నారు టీచరు గారు. ముక్కు నా అద్దానికి ఆనేంత దగ్గరికి వచ్చి చూశారు. "దారం బాగా బిగలాగేసింది. మూడో రేకులో ఒక కుట్టు మింగేసింది."

"పోన్లే. మొదటిది కదా."

టీచరు గారి వేలు ఆ మూడో రేకు మీద ఆగింది. తల ఎత్తకుండానే అడిగారు, "ఎప్పుడు నేర్చుకున్నావే?"

"నువ్వు పడుకున్నప్పుడు. పుస్తకాన్ని చెంబుకి ఆనించి నిలబెట్టుకుని, ఎదురుగా కూచున్నాను."

టీచరు గారు సూది కోసం తడుముకుని, దొరికాక, మంచం మీద తన చోటికి వెళ్ళలేదు. నాకు ఆ పక్క ఉన్న పీట లాక్కుని కూర్చున్నారు, చెల్లెలికి ఎదురుగా, మధ్యలో నేను.

"విప్పకు దాన్ని. అలాగే ఉండనీ. రెండోది మొదలెట్టు" అన్నారు.

ఇద్దరూ దారం అందుకున్నారు. పట్టపగలు, కిటికీ నిండా ఎండ. నన్ను ఆర్పాలని ఎవరికీ గుర్తులేదు.